ఒకటో నంబరు మేకు

3వ తేదీ, సోమవారం

పదకొండేళ్ళ నుంచి ఒక్క మాట కోసం చూస్తున్నాను. "తప్పు నీది కాదు" అనే మాట. మూడే ముక్కలు. అనడానికి నోరు నొప్పెట్టదు, పొద్దు పోదు. ఆ మాట అనాల్సిన మనిషి మా సంగీత మందిరంలో మొదటి ఫిడేలు వాయించే ఆయన. పదిమంది ముందు నన్ను దించాడు కాబట్టి పదిమంది ముందే ఎత్తాలి. ఆ పదిమందిలో ముగ్గురు పోయారు. సరే, మిగిలిన ఏడుగురి ముందైనా.

ఈ పుస్తకం మా ఆవిడ ఇచ్చింది. నిరుటి డైరీ, ఒక్క పేజీ కూడా రాయనిది. "ఒకటే కథ పదకొండేళ్ళుగా చెవిలో జోరీగలా మోగిస్తున్నావయ్యా. ఇక నా వల్ల కాదు. ఇందులో రాసుకో, కాగితానికి చెవులుండవు" అంది. అచ్చులో ఉన్న తారీకులు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. నాకు చదువు అబ్బలేదు. ఈ అక్షరాలు కూడా మా అక్క గోడ మీద బొగ్గుతో రాసి దిద్దించినవి. ఒత్తులు తప్పుతాను. చదివేవాడు లేనప్పుడు తప్పేమిటి, ఒప్పేమిటి.

మొదటి ఫిడేలు ఆయన నాకు బావే. ఆ అక్క మొగుడే. అయినా ఇందులో ఆయన్ని బావ అని రాయను. చుట్టరికం వేరు, న్యాయం వేరు.

4వ తేదీ, మంగళవారం

రాసుకో అంది గానీ ఏం రాయాలో చెప్పలేదు. పని గురించి రాస్తాను. అది తప్ప నాకేం తెలుసు.

మా మందిరంలో ముప్పై రెండు కమాన్లు. ఫిడేళ్ళవి, వయోలాలవి, చెల్లోలవి, ఇంకా ఏనుగు ఫిడేళ్ళవి. మనిషి కంటే ఎత్తుండే ఆ బేసులకి ఏనుగు ఫిడేళ్ళని నేనే పేరు పెట్టాను. ఇప్పుడు అందరూ అదే అంటారు. వేరే చోట్ల ఎవరి కమాను వెంట్రుకకి వాళ్ళే రోజిన్ బంక పూసుకుంటారు. ఇక్కడ అలా కాదు. ఈ మందిరం పెట్టిన పెద్ద మేష్టారు ఒక కట్టుబాటు పెట్టి పోయాడు. అన్ని కమాన్లకీ ఒకే చెయ్యి పూయాలి. ఒకడు పిండిలో పొర్లించినట్టు పూసి, పక్కవాడు పిసినారిలా పూస్తే తీగ మీద పట్టు కలవదు. పట్టు కలవకపోతే నాదం కలవదు. ఆ ఒక్క చెయ్యి ముప్పై ఆరేళ్ళుగా నాది.

వెనక గది నాది. గోడకి నంబర్లు వేసిన మేకులు. సాయంత్రం వాయించినవాళ్ళు ఎవరి నంబరుకి వాళ్ళు కమాను తగిలించి పోతారు. మర తిప్పి వదులు చేసి పెడతాను, లేకపోతే కర్ర వంపు చచ్చిపోతుంది. పొద్దున మళ్ళీ బిగించి పూస్తాను. ఫిడేలుకి తేనె రంగు రోజిన్ బిళ్ళ, నాలుగు సార్లు, మడమ నుంచి మొన దాకా. కమాను పట్టుకునే చోటు మడమ, అవతలి కొస మొన. ఏనుగులకి నల్ల బెల్లంలాంటి మెత్తటి బిళ్ళ, ఒకే వైపు లాగాలి. వెంట్రుకని వేలితో ముట్టుకోకూడదు. గుర్రం తోక వెంట్రుక అది. మనిషి చేతి జిడ్డు తగిలిందా, అక్కడ మూగబోతుంది.

వినేవాళ్ళు వాయించేవాడి చేతిలో ఏదో ఉందనుకుంటారు. ఉందిలే. కానీ రోజిన్ లేని కమాను ఎంత గొప్పవాడికిచ్చినా తీగ మీద జారిపోతుంది. నిద్రపోయేవాడి ఊపిరంత శబ్దం. అంతే. పాడేది పైన్ చెట్టు బంక. పేరు వాడిది.

మేకులు ముప్పై రెండు. తగిలేవి ముప్పై ఒకటి. ఒకటో నంబరు మేకు ఖాళీ. ఆయన తన కమాను తీసుకుపోయి పదకొండేళ్ళుగా ఇంట్లో తనే పూసుకుంటున్నాడు. ఎలా పూసుకుంటాడో నేను చూడక్కర్లేదు, వినపడుతుంది. మడమ దగ్గర దండగ, మొన దగ్గర పిసినారితనం.

5వ తేదీ, బుధవారం

వాన. బిళ్ళలు జిగురెక్కాయి. ఇంకేం లేదు.

7వ తేదీ, శుక్రవారం

మెట్ల దగ్గర పలక మీద కాగితం అంటించారు. నేను చదివేలోపే చెల్లో ఆవిడ వచ్చి గట్టిగా చదివింది. మంచి మనిషే, నోరే కొంచెం పెద్దది. ఇరవై తొమ్మిదో తేదీ శనివారం మొదటి ఫిడేలు గారి ఆఖరి కచేరీ. ఆ తరవాత విశ్రాంతి.

"ఇంకేం బాబాయ్, మీ ఇద్దరి యుద్ధం కూడా రిటైరవుతుందా?" అంది.

"యుద్ధం ఎక్కడిది? ఆయన మాట్లాడడు, నేను మాట్లాడను. అది శాంతి కదా?"

"అబ్బో. అలాంటి శాంతి మా ఇంట్లోనూ ఉంది. గిన్నెలు మాత్రం ఎగురుతుంటాయి."

ఇరవై రెండు రోజులున్నాయి. ఆలోపు ఆ మాట రావాలి. ఇరవై తొమ్మిది దాటితే ఆయన కమాను పెట్టెలోంచి బయటికి రాదు. మరి నా ఒకటో నంబరు మేకుకి ఏం తగిలించుకోను, నా టోపీనా?

10వ తేదీ, సోమవారం

ఆ రోజు సంగతి ఒకసారి పూర్తిగా రాసి పెడతాను. నోటి మాటకి సాక్ష్యం ఉండదు.

ఆ పొద్దున నాకు ఇరవై ఐదేళ్ళు నిండాయి, పనిలో. నాకే గుర్తు లేదు. ఆయన గదిలోకొచ్చి డబ్బీ ఒకటి చేతిలో పెట్టాడు. లోపల పట్టుగుడ్డ. గుడ్డలో రోజిన్ బిళ్ళ. తేనెని గడ్డ కట్టించినట్టుంది. దాని మొహం మీద నా పేరు. పూర్తి పేరు, మా నాన్న పిలిచినట్టు, ఒక్క అక్షరం తగ్గకుండా. బిళ్ళలు పోసేవాడి దగ్గరికి పోయి అచ్చు చెక్కించి పోయించాడట.

"బామ్మర్దీ, పాతికేళ్ళు ఊరూ పేరూ లేని బిళ్ళతో పూశావు. ఇకనైనా నీ పేరుతో పూయి" అన్నాడు.

నేనేమన్నానో గుర్తు లేదు. నా పేరు కాగితాల మీద చూశాను. అది వేరు. వెలుతురు పడితే మెరిసే పేరు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన కమానుకి కొత్త వెంట్రుక కట్టి పంపారు. కొత్త వెంట్రుకకి నాలుగు సార్లు చాలదు, అరవై సార్లు పూయాలి. కొత్త బిళ్ళతో మొదటి పూత ఎవరికి? ఆయనకే. అరవై సార్లు పూశాను. లెక్కపెట్టాను. మా అక్క అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది, ఆవిడే సాక్షి. అరవై అయ్యేసరికి గంట కొట్టారు. కమాను పంపాను.

సాయంత్రం కచేరీలో ఆయన ఒక్కడే వాయించే చోటు వచ్చింది. కమాను తీగ మీద పెట్టి లాగాడు. ఏమీ లేదు. ఊపిరి. ఆయన కమాను వంక ఒకసారి చూసి, పక్కాయన చేతిలోది తీసుకుని వాయించేశాడు. విన్నవాళ్ళలో సగం మంది గమనించనేలేదు. విరామంలో వాయించేవాళ్ళ గదిలో పదిమంది చేరారు. ఆయన కాసేపు ఎటో పోయి వచ్చాడు. పక్కాయన "ఏమిటండీ, చెయ్యి ఆగిందేం?" అన్నాడు. ఆయన కమాను బల్ల మీద పెట్టి, "ఈ కమాను మీద రోజిన్ లేదు" అన్నాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పది తలకాయలు నా వైపు తిరిగాయి.

ఆడలేక మద్దెల ఓడన్నాడట. అరవై సార్లు పూశాను నేను. ఆయన చెయ్యే చెమట పట్టిందో, వెంట్రుకని ముట్టుకున్నాడో. బిళ్ళది తప్పనడానికి లేదు, అలాంటి సరుకు ఇప్పుడు దొరకదు. అరవై సార్లు రాసినా మొహం మీద పేరు ఇంత కూడా అరగలేదు. ఇప్పటికీ డబ్బీలో కొత్తదానిలాగే ఉంది. మళ్ళీ వాడలేదు.

12వ తేదీ, బుధవారం

అక్క వచ్చింది. చేతిలో కమాను పెట్టె. ఏటా కచేరీలు మొదలయ్యేటప్పుడు తెస్తుంది, ఈసారి మధ్యలో తెచ్చింది.

"ఒరేయ్, ఇది ఆఖరిది. పూస్తావా?"

"ఆ మాట అన్నాడా?"

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"ఆయనకి అరవై ఎనిమిది, నీకు అరవై ఆరు. ఇద్దరి మధ్యా తిరిగి నా మోకాళ్ళు అరిగాయి. మీకు మాటలు కావాలి. నాకు మోకాళ్ళు కావాలి."

"నేను పూసింది రోజిన్ కాదన్నవాడికి నా రోజిన్ ఎందుకక్కా?"

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆగి, "నాలుగో కాలు ఎప్పుడైనా లెక్కపెట్టుకో" అంది.

పెద్దదైంది, నోటికొచ్చింది అంటుంది.

13వ తేదీ, గురువారం

ఒకటో మేకు తుడిచాను. దుమ్ము పట్టిందని.

14వ తేదీ, శుక్రవారం

ఈ రోజు నవ్వలేక చచ్చాను. చెల్లో ఆవిడ ఆదివారం వేరే ఊళ్ళో వాయించాలట, సొంత కమాను తెచ్చుకుంది. కొత్త వెంట్రుక. చేతిలో కొత్త బిళ్ళ, దాని మీద పువ్వు బొమ్మ అచ్చు.

"బాబాయ్, వంద సార్లు రుద్దాను. పలికితే ఒట్టు. నన్ను మోసం చేశారా అని అనుమానంగా ఉంది."

బిళ్ళ చూశాను. నున్నగా, అద్దంలా, నా మొహం కనపడుతోంది.

"గీకావా?"

"ఏం గీకాలి?"

"కొత్త బిళ్ళ పైన గాజులా ఉంటుందమ్మాయ్. ముందు ఎమరీ కాగితంతో గీకి గరుకు చెయ్యాలి. అప్పుడే పిండి రాలేది, ఆ పిండి వెంట్రుకకి పట్టేది. నువ్వు అద్దానికేసి రుద్దావు. వంద కాదు, వెయ్యి సార్లు రుద్దినా అద్దం అద్దమే, నీ కమాను మూగదే."

"అంత అందంగా ఉంటే గీకబుద్ధి కాలేదు బాబాయ్. పువ్వు పోతుందిగా."

"పువ్వు కోసం పాట పోగొట్టుకుంటావా? ఇన్నేళ్ళు చెల్లో వాయించి ఈపాటి తెలియదా? నా దగ్గర పనికి ఉండుంటే ఆ క్షణమే బయటికి గెంటేవాణ్ణి" అన్నాను. ఎమరీ కాగితం తీసి పువ్వు మీద నాలుగు గీతలు గీశాను. ఎనిమిది సార్లు పూసి ఇచ్చాను. పలికింది. గదంతా పలికింది. ఆవిడ నా భుజం మీద కొట్టి పోయింది.

పువ్వు పోతుందట.

15వ తేదీ, శనివారం

రాయడానికేమీ లేదు.

16వ తేదీ, ఆదివారం

ఏమీ లేదు. "ఏమయ్యా, పెన్ను పట్టుకుని గోడ వంక చూస్తున్నావు" అంది మా ఆవిడ. గోడ బాగుంది అన్నాను.

17వ తేదీ, సోమవారం

డబ్బీ తీశాను. ఊరికే. ఎలుకలు కొట్టాయేమో చూద్దామని. కొట్టలేదు. పట్టుగుడ్డ విప్పాను. నా పేరు ఉంది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. మబ్బుగా ఉంది, వెలుతురు సరిపోలేదు. మళ్ళీ చుట్టి పెట్టాను.

18వ తేదీ, మంగళవారం

రోజిన్ పాతబడితే పైన గాజులా గట్టిపడుతుంది. అందరికీ తెలిసిందే. పదకొండేళ్ళు గాలి తగలకుండా ఉంటే ఎంత బిళ్ళయినా అద్దంలా అవుతుంది. ఇప్పుడు అలా ఉందంటే అప్పుడూ అలాగే ఉందని కాదు.

అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. బిళ్ళ పోసేవాడు లోతుగా పోసి ఉంటాడు.

నేను కొత్త బిళ్ళ గీకకుండా పూయడమా? ఈ మాట ఎవరన్నా అంటే పళ్ళు రాలగొడతాను. పాతికేళ్ళ పనివాణ్ణి అప్పటికే. చంటిపిల్లాడైనా గీకుతాడు.

గీకినట్టు గుర్తుందా అంటే, పదకొండేళ్ళ కింద పొద్దున పళ్ళు తోముకున్నట్టు గుర్తుందా? లేదు. తోముకోలేదనా?

20వ తేదీ, గురువారం

పద్నాలుగో నంబరు కమానుకి కొత్త వెంట్రుక కట్టి పంపారు. మధ్యాహ్నం భోజనాల వేళ మందిరంలో ఎవరూ లేరు. తలుపు వేసుకున్నాను. గోడకి తగిలించి ఉండే పాత ఫిడేలు దించాను. పూసిన కమాను పలుకుతుందో లేదో చూడటానికి ఉంచుకున్నది అది. ప్రతి కొత్త వెంట్రుకనీ దాని మీద ఒకసారి లాగి చూస్తే గాని గది దాటనివ్వను.

డబ్బీలో బిళ్ళ తీశాను. కమాను బిగించాను. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాను. అరవై. అప్పుడెలా పూశానో అలాగే, తొందర లేకుండా.

తీగ మీద పెట్టి లాగాను.

ఊపిరి.

ఇంకో నలభై పూశాను. వంద అయింది. లాగాను. ఊపిరే. కింద పరిచిన నల్లగుడ్డ చూశాను. పిండి చుక్క లేదు. గుడ్డ ఎంత నల్లగా ఉండాలో అంత నల్లగా ఉంది.

రోజూ వాడే బిళ్ళ తీసుకుని ఎనిమిది సార్లు పూశాను. లాగాను. పలికింది.

ఫిడేలు గోడకి తగిలించాను. పద్నాలుగో కమాను పద్నాలుగో మేకుకి తగిలించాను. చేతులు కడుక్కున్నాను. సబ్బుతో. రెండుసార్లు. రోజిన్ అంటితే కదా వదిలేది.

21వ తేదీ, శుక్రవారం

దొంగకు తేలు కుట్టినట్టుంది. అరవడానికి లేదు.

నిజం రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కదా.

గీకలేదు. మర్చిపోయి కాదు. మర్చిపోతే బాగుండేది. ఎమరీ కాగితం చేతిలోకి తీసుకున్నాను. ముక్క చింపాను కూడా. మొదటి అక్షరం మీద పెట్టాను. చెయ్యి ఆడలేదు. ఈ ఒక్క రోజుకి పరవాలేదులే, అరవై సార్లు పూస్తాను కదా, అంచులు తగిలి అదే రాలుతుందిలే అనుకున్నాను. కాగితం ముక్క సొరుగులో వేశాను. అక్కతో మాట్లాడుతూ పూశాను. గంట కొట్టారని పాత ఫిడేలు మీద లాగి చూడలేదు. గంట కొట్టకపోయినా చూసేవాణ్ణి కాదేమో. చూస్తే తెలిసిపోతుంది కదా.

ఇంకొకటి. నాలుగో తేదీన ఆయన కమాను తీసుకుపోయాడని రాశాను. ఆయన తీసుకుపోలేదు. మర్నాడు పొద్దున వచ్చేసరికి ఒకటో నంబరుకి మామూలుగా తగిలించి ఉంది. నేనే దించి పెట్టెలో పెట్టి అక్క చేతికిచ్చాను. "ఇక్కడ రోజిన్ దొరకదని మీ ఆయనకి చెప్పు" అన్నాను. అక్క ఆ పెట్టె పదకొండుసార్లు తిరిగి తెచ్చింది, మొన్నటితో పన్నెండు. పన్నెండుసార్లు నేనే వద్దన్నాను.

పైన రాసింది కొట్టేయను. చూసి సిగ్గుపడటానికి ఉండనీ.

22వ తేదీ, శనివారం

మా ఆవిడకి చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"ఆయన ఆ రోజు ఏమన్నాడు?" అంది.

"కమాను మీద రోజిన్ లేదన్నాడు."

"నీ పేరెత్తాడా?"

"ఎత్తలేదు."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది ఎవరు?"

బెండకాయ ఒకటి తీసి తొడిమ తుంపాను.

"ఆడలేక మద్దెల ఓడన్నది ఎవరు?"

"చాల్లేవే."

"చాల్లే అంటే ఎలా? పదకొండేళ్ళు విన్నాను, నాకు రెండు నిమిషాలైనా ఇవ్వవా?" అంది. తరవాత కత్తి పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "పేరు చెరపలేకపోయావా?"

తల ఊపాను.

"అంత ముద్దొచ్చిందా?"

అవునన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వుతుందనుకున్నాను.

24వ తేదీ, సోమవారం

అక్క ఇంటికి వెళ్ళాను. పదకొండేళ్ళ తరవాత. ఆయన సాధనలో ఉండే వేళ చూసి వెళ్ళాను. మూడో అంతస్తు. గోడల రంగు మార్చారు. తలుపు తీసి నన్ను చూసి అక్క ఆశ్చర్యపోతుందనుకున్నాను. "కాళ్ళు తుడుచుకుని రా, ఇప్పుడే తుడిచాను" అంది.

వంటింట్లో కూర్చున్నాను. టీ ఇచ్చింది. కప్పు సగమయ్యాక చెప్పాను.

"అక్కా, ఆ రోజు బిళ్ళ గీకలేదు."

"తెలుసు."

"నువ్వు చూశావా?"

"నేను చూసి ఏం తెలుసుకుంటానురా, నాకు రోజిన్ తెలుసా, గీకుడు తెలుసా? ఆయన చూశాడు. విరామంలో రోజిన్ రాసుకుందామని నీ గదికి పోయాడు. బల్ల మీద బిళ్ళ ఉంది. నీ పేరు తళతళమంటోంది. అక్కడే అర్థమైపోయింది."

"మరి తెలిసి కూడా పదిమందిలో అలా అంటాడా?"

"ఏమన్నాడు? లేదు కాబట్టి లేదన్నాడు. పక్కాయన చెయ్యి ఆగిందేం అని అడిగితే ఇంకేం చెప్తాడు? పూసినవాడు తన పేరు చూసుకుని మురిసిపోయి పని మానేశాడని చెప్పాలా? అది చెప్పకూడదనే అంతటితో ఆపాడు. నువ్వు మర్నాడు పెట్టె నా మొహాన కొట్టావు."

"కొట్టలేదు. చేతికిచ్చాను."

"గట్టిగా ఇచ్చావు."

టీ చల్లారిపోయింది. అక్క మళ్ళీ పోసింది.

"ఒకటి చెప్పనా? ఏడాది పాటు ఆయనది ఇదే నస. పేరు బిళ్ళ వెనక వేయించాల్సింది, మొహం మీద వేయించాను, వాడెలా గీకుతాడు, తప్పు వాడిది కాదు నాది అని. నాకు విసుగొచ్చి, ఆ ముక్క పోయి వాడితో చెప్పు అన్నాను. చెప్తే వాడు గీకలేదని కూడా చెప్పాలి కదా, అది వాడంతట వాడే తెలుసుకుని వచ్చి నాతో పోట్లాడతాడులే, ఒక నెలలో వస్తాడు అన్నాడు."

"నెలా?"

"ఆ నెలే ఇది."

తప్పు వాడిది కాదు. నేను అడిగిన మాట ఆయన ఎప్పుడో అన్నాడు. వంటింట్లో. మా అక్కతో. నాకు తప్ప.

మూడంతస్తుల మెట్లు దిగాను, ఒక్కొక్కటీ లెక్కపెడుతూ. అక్క మోకాళ్ళు గుర్తొచ్చాయి.

25వ తేదీ, మంగళవారం

పొద్దున లేచేసరికి మళ్ళీ కోపం వచ్చింది. ఇది కొత్త కోపం. తెలుసట! తెలిసి పదకొండేళ్ళు నా ముందు నుంచి నడిచిపోయాడు. నేను మొహం తిప్పుకుంటుంటే తిప్పుకోనిచ్చాడు. నేను మూర్ఖుణ్ణి, సరే. మూర్ఖుడికి చెంప మీద ఒకటి వేసి చెప్పేవాడు బావ. పక్కన నిలబడి నెల లెక్కపెట్టేవాడు ఎవడు?

సొరుగు వెతికాను. ఎమరీ కాగితం ముక్క, చింపిన ముక్క, అడుగున ఉంది. దాంతోనే గీకాను. మొదటి అక్షరం నుంచి. గీకుతుంటే తేనె రంగు తెల్లబడుతూ వచ్చింది, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. మా నాన్న పెట్టిన పేరు, పావుగంట పట్టింది పూర్తిగా పోవడానికి. నల్లగుడ్డ మీద పిండి పడింది. ఇంత పిండి.

ఏనుగు ఫిడేలు ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తూ, "ఏమిటి తాతగారూ, కళ్ళల్లో రోజిన్ పడిందా?" అన్నాడు. ముప్పై ఆరేళ్ళలో ఎప్పుడూ పడలేదు, ఈ రోజు పడింది అన్నాను.

ఏడో నంబరు కమానుకి పూసి చూశాను. ఇంత మంచి బిళ్ళ నేను ముట్టుకోలేదు. పట్టు గట్టిది, గరగర లేదు. పదకొండేళ్ళు డబ్బీలో పెట్టి చంపాను.

26వ తేదీ, బుధవారం

ఉత్తరం రాశాను. రాయడానికి పొద్దంతా పట్టింది. మొదట "మీరు" అని రాసి, ఎవరికో రాస్తున్నట్టుంటే చింపేసి మళ్ళీ రాశాను. మా ఆవిడ ఇచ్చి వస్తానంది. పంపేముందు ఇక్కడ ఎక్కించుకుంటున్నాను. తరవాత ఆయన నేను రాయలేదన్నాడంటే కుదరదు.

బావా,

బిళ్ళ గీకలేదు. ఇది నా చేత్తో రాస్తున్నాను. ఆ గదిలో ఉన్నవాళ్ళలో బతికున్న ఏడుగురికీ కబురు చేశాను, శుక్రవారం పది గంటల సాధనకి ముందు నా గదికి రమ్మని. వాళ్ళ ముందు కూడా ఇదే చెప్తాను. నా తప్పు అంతవరకే. మిగతాది నీది.

నీకు తెలుసు. ఆ సాయంత్రమే తెలుసు. పదకొండేళ్ళు నేను నిన్ను తిట్టాను, మొహం తిప్పుకున్నాను, అక్కని మెట్లెక్కించి దింపాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. అది మంచితనం అని అక్క అంటుంది. కాదు. నా మీద చెయ్యి చేసుకోవలసింది. తప్పు నాదే, పేరు మొహం మీద వేయించాను అని వంటింట్లో అన్నావట. వంటింట్లో అంటే నాకెలా వినపడుతుంది? నా పేరు పోయించిన వాడివి, ఆ పేరుతో ఒకసారి పిలిచి తిట్టలేకపోయావా? దీనికి నాకు సమాధానం కావాలి.

బిళ్ళ మీద ఇప్పుడు పేరు లేదు. పిండి బాగా రాలుతోంది.

శనివారం నువ్వు వాయించే దాంట్లో చివర ఒక పొడుగు స్వరం ఉంది. అది మొన మీద ముగుస్తుంది. నువ్వు మొనకి పూయవు. పదకొండేళ్ళుగా వింటున్నాను, ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి నా పళ్ళు బిగుసుకుంటాయి. ఇంటి పూతతో నీ ఆఖరి స్వరం ఊపిరైపోతుంది, రాసి పెట్టుకో.

నోటితో చెప్పక్కర్లేదు. ఒకటో నంబరు మేకుకి కమాను తగిలించు, అదే సమాధానం. అక్కతో పంపొద్దు, ఆవిడ మోకాళ్ళు అరిగాయి. పదమూడోసారి నువ్వే తేవాలి. తేకపోతే శుక్రవారం మధ్యాహ్నం ఆ మేకు పీకేసి, బెజ్జం పూడ్చి, సున్నం కొట్టిస్తాను.

తెస్తావా, తేవా? ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారం, పది గంటల గంట కొట్టేలోపు నాకు తెలియాలి.